మూడున్నర అంగుళాల పట్టాల మీద

నన్ను బొమ్మ అనకండి. నేను నడిచే పట్టాల మధ్య ఎడం మూడున్నర అంగుళాలు, నా చక్రం అడ్డకొలత రెండు అంగుళాలు, ఒక మనిషి రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టేయగలడు. అయినా నాలో మండేది నిజం బొగ్గు, మరిగేది నిజం నీళ్లు. నా రాగి బాయిలరులో చదరపు అంగుళానికి 80 పౌండ్ల స్టీము నిలిచినప్పుడు లోపలి నీటి వేడి 162 డిగ్రీల సెల్సియస్. అంత వేడి మీద ఉన్న దేన్నీ బొమ్మ అనకూడదు. పిల్లలకు అలా చెప్పి దగ్గరికి పంపకూడదు కూడా.

నాకు నాలుగు చక్రాలు, రెండు సిలిండర్లు, బాయిలరుకు ఇరుపక్కలా నీళ్ల తొట్లు. నా నమూనాను టిచ్ అంటారు. టిచ్‌లు ఫ్యాక్టరీలో వరసగా తయారయ్యేవి కావు. పత్రికలో అచ్చయిన డ్రాయింగులు పక్కన పెట్టుకుని, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక, పెరటి షెడ్డులో ఒక మనిషి ఒక్కోదాన్ని చేస్తాడు. అందుకే ఏ రెండు టిచ్‌లూ ఒకేలా ఉండవు. నేను పుట్టింది ఇంగ్లండులోని డెర్బీలో.

నా కథకు ముందు మా వంశం సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పిల్లల కోసం ఇత్తడి స్టీము ఇంజన్లు అమ్మేవారు. వాటికి పట్టాలుండేవి కావు. గచ్చు మీద వాటంతట అవి పరుగెత్తుతూ దారి పొడుగునా నీళ్లు కార్చుకుంటూ పోయేవి. సేకర్తలు ఇప్పటికీ వాటిని బర్మింగ్‌హామ్ డ్రిబ్లర్లు అని పిలుస్తారు. ఆ తర్వాత జర్మనీలో నూరెంబర్గ్ నుంచి బింగ్ కంపెనీ ఇంజన్లు, ఇంగ్లండులో నార్తాంప్టన్ నుంచి బాసెట్-లోక్ ఇంజన్లు వచ్చాయి. చూపుకు అవి అచ్చం రైలింజన్లే. కాని బాయిలరు కింద వెలిగేది స్పిరిటు దీపం. ఇంత చిన్న పొయ్యిలో బొగ్గు నిలవదని, నిలిచినా మనిషిని లాగేంత స్టీము పుట్టదని అప్పటి పెద్దలు గట్టిగా నమ్మారు.

వాళ్లకు ఎదురు నిలిచినవాడు ఎల్.బి.ఎస్.సి. అది కలం పేరు. లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో పనిచేసిన మనిషి కనక ఆ రైల్వే పొడి అక్షరాలే పేరుగా పెట్టుకున్నాడు. స్నేహితులకు కర్లీ లారెన్స్. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో 1920ల మొదట్లో ఈ బాయిలర్ల విషయమై పెద్ద రభసే జరిగింది. స్పిరిటు పక్షాన పేరున్న డిజైనరు హెన్రీ గ్రీన్లీ, బాసెట్-లోక్. బొగ్గు పక్షాన ఈయన ఒక్కడు, ఈయన స్వయంగా చేసుకున్న ఆయేషా అనే రెండున్నర అంగుళాల గేజి ఇంజను. 1924లో ఆ పత్రిక ప్రదర్శనలో ఆయేషా బొగ్గు తింటూ జనాన్ని లాగి చూపించింది. వాదన అక్కడితో తేలిపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన రాస్తూనే ఉన్నాడు. లేతు కూడా సరిగా పట్టుకోవడం రాని గుమాస్తాలకు, బస్సు డ్రైవర్లకు ఏ బోల్టు ముందు, ఏ బోల్టు తర్వాత అన్నంత వివరంగా చెప్పి ఇంజన్లు చేయించాడు. నన్ను గీసింది ఆయనే, కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం.

ఆయన గ్రహించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది, అది నా ఒంట్లోనే ఉంది. ఒక ఇంజను కొలతల్ని పదహారో వంతుకు తగ్గిస్తే వైశాల్యాలు 256వ వంతవుతాయి, ఘనపరిమాణాలు 4,096వ వంతవుతాయి. మంట మాత్రం ఆ లెక్కన తగ్గదు. మసీ తగ్గదు. పెద్ద ఇంజనులోని పొగట్యూబుల్ని ఉన్నవున్నట్టు కుదిస్తే మసి పట్టి క్షణాల్లో పూడుకుపోతాయి. అందుకని నాకు ట్యూబులు తక్కువ, నా ఒంటికి చూస్తే లావు. లోపలి నీటితో పోలిస్తే నా ఉపరితలం ఎక్కువ, కాబట్టి త్వరగా కాగుతాను, అంత త్వరగానూ చల్లారతాను. పెద్ద ఇంజనుకు స్టీము ఎక్కాలంటే గంటలు పడుతుంది, నాకు పావుగంట చాలు. పెద్ద ఇంజనును చూసి బొమ్మ గీసినట్టు చిన్న ఇంజను చేయడం కుదరదు. చిన్న ఇంజనును చిన్న ఇంజనుగానే ఆలోచించాలి. కర్లీ లారెన్స్ గొప్పతనం అదేనని నా నమ్మకం.

నన్ను చేసినాయన డెర్బీ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1957 జూన్‌లో ఆ షాపు నుంచి 73154 నంబరు ఇంజను బయటికి వెళ్లింది. డెర్బీలో తయారైన ఆఖరి స్టీము ఇంజను అదే. ఆ తర్వాత అక్కడ కొత్తగా తయారైనవన్నీ డీజిళ్లే. జీతం తగ్గలేదు, ఉద్యోగం పోలేదు. కాని చేతికి అలవాటైన పని పోయింది. ఆ చలికాలమే ఆయన పెరటి షెడ్డులో నా చట్రానికి ఉక్కు రేకు మీద గీతలు గీశాడు. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను.

దగ్గరలోని బీస్టన్ ఊళ్లో తయారైన మైఫర్డ్ లేతు ఆయనకు ఉండేది. చక్రాలకు పోతఇనుము, సిలిండర్లకు గన్‌మెటల్ పోతలు బర్మింగ్‌హామ్ నుంచి పోస్టులో వచ్చాయి. చట్రం హాక్సా బ్లేడుతో కోసి ఆకురాయితో సాపు చేశాడు. పగలు టన్నుల బరువు డీజిలు బోగీల మధ్య తిరిగిన మనిషి రాత్రి అంగుళంలో వెయ్యో వంతు తేడా కోసం మైక్రోమీటరు తిప్పుతూ కూర్చునేవాడు. చక్రాలు, సిలిండర్లు, వాల్వుల కడ్డీలు బిగిశాక బాయిలరు లేకుండానే నన్ను ఒకసారి నడిపించాడు. కారు టైరుకు గాలి కొట్టే పంపు గొట్టం తెచ్చి సిలిండరుకు తగిలించాడు. గాలి అందగానే నా చక్రాలు తిరిగాయి. ఇంట్లోవాళ్లని పిలవలేదు. చాలాసేపు ఒక్కడే చూస్తూ నిలబడ్డాడు.

బాయిలరు సంగతి వేరు, అక్కడ సరదాకు చోటు లేదు. రాగి రేకును ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. అప్పుడు అచ్చు మీద పెట్టి కొయ్యసుత్తితో అంచులు మడవాలి. సుత్తి దెబ్బలకు రాగి మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. అతుకులన్నీ వెండి కలిసిన టంకంతో. ఆ టంకం కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి, అదీ ఒక్క చోట కాదు, రాగి వేడిని అటూ ఇటూ లాగేస్తుంది కనక బాయిలరు మొత్తం ఆ వేడి మీద ఉండాలి. అందుకు పొరుగాయన కూడా వచ్చాడు. ఇద్దరూ రెండు వైపుల నుంచి బ్లోల్యాంపులు పట్టారు, ఫిట్టరు మరో చేత్తో టంకం తీగ అందించాడు. అతుకు పొడుగునా టంకం వెండిగీతలా పరుగెత్తింది. పలుచని గంధకామ్లంలో ముంచి తీశాక నా ఒళ్లు గులాబీరంగు రాగి అయింది.

తర్వాత పరీక్ష. బాయిలరు నిండా చల్లటి నీళ్లు నింపి, గాలి బుడగ కూడా లేకుండా చూసి, చేతిపంపుతో ఒత్తిడిని 160 పౌండ్లకు తీసుకెళ్లారు. నేను పనిచేసే ఒత్తిడికి అది రెట్టింపు. నీళ్లతోనే ఎందుకంటే, నీరు ఎంత నొక్కినా దాదాపు కుదించుకుపోదు. ఎక్కడైనా అతుకు విడితే చుక్క కారి ఒత్తిడి చూపే ముల్లు పడిపోతుంది, అంతే. అదే గాలితోనో స్టీముతోనో అయితే పేలుతుంది. ముల్లు 160 మీద కదలకుండా నిలిచింది. క్లబ్బు ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం చేశాడు. ఇంగ్లండులో మోడల్ ఇంజనీర్ల క్లబ్బులన్నీ ఈ క్రమాన్ని పాటిస్తాయి. ఆ కాగితం లేని ఇంజనును జనం తిరిగే ట్రాకు మీద పెట్టనివ్వరు. నాకు ఇంత వయసు రావడానికి కారణం ఆ కాగితమే.

ఆదివారాలు క్లబ్బు ట్రాకు మీద గడిచేవి. మూడున్నర, ఐదు అంగుళాల గేజిలకు కలిపి వేసిన పట్టాలు, నడుమెత్తు స్తంభాల మీద. డ్రైవరు నా వెనక ట్రాలీ మీద కూర్చుని అటూ ఇటూ కాళ్లు వేస్తాడు. ముందు కిరోసిన్‌లో నానబెట్టిన కర్రబొగ్గు ముక్కలు. వాటిని వెలిగించి, పొగగొట్టం మీద చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను పెడతారు, అది మంటను ట్యూబుల గుండా లాగుతుంది. ముల్లు ఇరవై పౌండ్ల దగ్గరికి వచ్చాక ఫ్యాను తీసేసి నా సొంత స్టీమును పొగగొట్టంలోకి ఊదే బ్లోయరు తెరుస్తారు. అక్కడి నుంచి వేల్స్ బొగ్గు, చిన్న చిన్న పలుకులుగా కొట్టి జల్లించింది, చెంచాడంత పారతో. నీళ్లు వాననీళ్లు. కుళాయి నీళ్లలో సున్నం ఉంటే బాయిలరు లోపల గార కట్టి వేడి నీటికి చేరదు.

బయలుదేరేటప్పుడు డ్రైవరు సిలిండర్లకు స్టీము వదిలే రెగ్యులేటరును వెంట్రుకవాసి తెరవాలి. చల్లటి సిలిండర్లలో స్టీము చల్లబడి నీరవుతుంది, దాన్ని డ్రెయిను కాక్‌ల గుండా బయటికి పోనివ్వాలి. ఆ తర్వాత చేతులకు పని, కళ్లకు పని. బాయిలరు నీటిమట్టం చూపే గ్లాసులో నీళ్లెంత, ముల్లు ఎక్కడ, మంట తెల్లగా ఉందా ఎర్రగా ఉందా, ఇరుసు మీది పంపు బాయిలరులోకి నీళ్లు తోస్తోందా, పక్కకు మళ్లిస్తోందా. పెద్ద ఇంజనులో ఈ పనికి ఇద్దరుంటారు, నాకు ఒక్కడే. పైగా నా బాయిలరులో నీళ్లు కొద్దిగానే పడతాయి కనక ఏ తప్పయినా నిమిషంలో బయటపడుతుంది. ఎక్కువమందిని నేను లాగలేను. బారుగా కూర్చున్న పిల్లల్ని తిప్పేవి ఐదంగుళాల పెద్దన్నలు. నా డ్రైవర్ని నేను లాగుతాను, ఆయన బరువు నా బరువుకు ఎన్నో రెట్లు. నాకది చాలు.

1969 నుంచి ఇంగ్లండులో ఒక పోటీ జరుగుతోంది. ఇంజనుకు బొగ్గు తూచి ఇస్తారు, ఎంత లాగిందో డైనమోమీటరు బండితో కొలుస్తారు. బొగ్గులోని శక్తిలో వందకు రెండు మూడు వంతులు పనిగా మారితే మంచి ఇంజనే అంటారు. మిగతాదంతా పొగగొట్టం లోంచి, ఒంటి మీంచి పోతుంది. ఈ అంకె విని నిరుత్సాహపడేవాళ్లున్నారు. మా ఫిట్టరు మాత్రం ఆ రెండు మూడు వంతుల కోసమే చలికాలాలు గడిపాడు. 1968 ఆగస్టులో బ్రిటన్ ప్రధాన లైన్ల మీద మామూలు రైళ్లకు స్టీము ఇంజన్లు ఆగిపోయాయి. ఆ తర్వాతి ఆదివారం కూడా మేం వెలిగాం.

ఆయన పోయాక నన్ను వేలంలో ఒక సేకర్త కొన్నాడు. ఆయన గురించి చెడుగా మాట్లాడను. ఆయన ఇంట్లో నిలువెత్తు అద్దాల బీరువాలు. బింగ్‌లు, బాసెట్-లోక్‌లు, ఓ డ్రిబ్లరు, 1975లో జపాన్ ఆస్టర్ కంపెనీ తెచ్చిన మొదటి స్టీము మోడలు, 1979లో హార్న్‌బీ తెచ్చిన గ్యాసుతో నడిచే ‘రాకెట్’ రైలింజను. ఏది ఏ సంవత్సరం, ఏ రంగు అసలుది, ఏ స్క్రూ తర్వాత మార్చింది, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఇలాంటివాళ్లే లేకపోతే పాత ఇత్తడి ఇంజన్లలో సగం ఏనాడో మూసలో కరిగిపోయేవి. మా వంశచరిత్ర నేను ఇంత చెప్పగలిగానంటే ఆ బీరువాలో నా పొరుగువాళ్ల పుణ్యమే.

కాని అసలు పెయింటు కాపాడాల్సిన బింగ్ ఇంజను వేరు, నేను వేరు. నన్ను చేసింది నడపడానికి. నడవని స్టీము ఇంజను చెడకుండా ఉంటుందనుకోవడం పొరపాటు. సిలిండర్లలో నూనె బంకగా మారుతుంది. కడ్డీల చుట్టూ స్టీము కారకుండా గ్లాండులో కూరిన తాడు ఎండి రాయవుతుంది. పంపులోని బంతి తన పీటకు అతుక్కుంటుంది. లోపల కాస్త తడి మిగిలినా ఉక్కు కడ్డీలు తుప్పు పడతాయి. బయటికి మాత్రం తళతళలాడుతూనే ఉంటాను. అద్దం అవతల నిలబడి చూసేవాళ్లకు ఏదీ తెలియదు. నా పరీక్ష కాగితం గడువు అక్కడే తీరిపోయింది.

ఆ సేకర్త బీరువాలు ఖాళీ చేస్తున్నప్పుడు నన్ను కొన్నవాడు తెలుగువాడు. డెర్బీలోనే ఇంజనీరు ఉద్యోగం. పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లా బిట్రగుంటలో. మద్రాసు–బెజవాడ లైను మీద ఒకప్పుడు స్టీము ఇంజన్లకు పెద్ద షెడ్డు ఉన్న ఊరది. వాళ్ల నాయన ఆ షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరాడు. నన్ను ఇంటికి తెచ్చాక అతను వెంటనే వెలిగించలేదు. ప్రతి భాగమూ విప్పి కిరోసిన్‌లో కడిగాడు, గ్లాండుల్లో కొత్త తాడు కూరాడు, బాయిలరు విడిగా తీసి క్లబ్బులో మళ్లీ నీళ్ల పరీక్ష చేయించాడు. ముల్లు మళ్లీ నిలిచింది. ఫిట్టరు, పొరుగాయన పట్టిన బ్లోల్యాంపుల పనితనం అది.

ఒక వేసవిలో వాళ్ల నాయన డెర్బీ వచ్చాడు. ఆయన బొగ్గు వేసింది డబ్ల్యూజీ ఇంజన్లకు, 1950లో చిత్తరంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి ఇంజను ఆ రకమే. ఐదున్నర అడుగుల గేజి, 210 పౌండ్ల స్టీము, 45 చదరపు అడుగుల పొయ్యి, దాన్నిండా చేతిపారతోనే. నా పొయ్యి ఆయన అరచేతికన్నా చిన్నది. క్లబ్బులో కొడుకు నన్ను వెలిగిస్తుంటే వంగి చూశాడు. కొడుకు కళ్లు మంట మీదున్నాయి.

“గ్లాసు చూడరా ముందు. నిప్పు ఎక్కడికీ పోదు” అన్నాడు.

“సగానికి ఉన్నాయి నాయనా.”

“ఊది చూశావా? గ్లాసు కన్నం పూడుకుపోతే నీళ్లు లేకున్నా ఉన్నట్టే కనపడతాయి.”

కొడుకు గ్లాసు కింది కాక్ తెరిచి మూశాడు. నీళ్లు దిగి చటుక్కున మళ్లీ లేచాయి. పెద్దాయన తల ఊపాడు. అప్పుడు చెప్పాడు, డబ్ల్యూజీ పొయ్యి కప్పుకు సీసం ప్లగ్గు ఉంటుందని, నీళ్లు కప్పు కిందికి దిగితే అది కరిగి స్టీము మంట మీద పడుతుందని, ప్లగ్గు కరిగించిన ఫైర్‌మన్ షెడ్డులో తలెత్తుకు తిరగలేడని.

నేను కదిలాను. నా చక్రం ఒక చుట్టు తిరిగితే పొగగొట్టంలో స్టీము నాలుగు దెబ్బలు కొడుతుంది, రెండు సిలిండర్లకు రెండేసి. డబ్ల్యూజీకీ అంతే. కాని నా చక్రం చుట్టుకొలత పదహారు సెంటీమీటర్లు, మనిషి నడక వేగం అందుకునేసరికి దెబ్బలు కలిసిపోయి గుర్రుమనే మోత అవుతాయి. విడివిడిగా వినపడేది మొదటి రెండు గజాల్లోనే. పెద్దాయన ఆ రెండు గజాల్లోనే విన్నాడు.

“ఒరే అబ్బయా, నాలుగూ సమంగా పడడంలా. మూడోది నీరసంగా ఉంది. వాల్వు చూసుకో.”

“ఇంత చిన్నదాంట్లో ఎట్టా వినపడింది నాయనా?”

“చిన్నదైతే ఏందిరా? ఇంజనేగా.”

ఆ రాత్రి నా స్టీము చెస్టు మూత తీశారు. ఎడమ సిలిండరులో వాల్వు తన కడ్డీ మీద కొద్దిగా జరిగి ఉంది. కొడుకు సరిచేశాడు, నాయన టార్చిలైటు పట్టుకున్నాడు. మర్నాడు నాలుగు దెబ్బలూ ఒక్క తూకంగా పడ్డాయి. పెద్దాయన ట్రాలీ ఎక్కి రెగ్యులేటరు పట్టుకున్నాడు. ఆయన ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు రెగ్యులేటరు ఎప్పుడూ డ్రైవరుదే. నా దగ్గర అన్నీ ఆయనవే. చేయి వణకలేదు. పంపు మళ్లించాల్సిన చోట ముందే మళ్లించాడు, ఎత్తు రాబోయే ముందే బొగ్గు వేశాడు. నా బాయిలరును అర్థం చేసుకోవడానికి ఆయనకు ఒక్క చుట్టు పట్టింది.

ఇప్పుడు బొగ్గు దొరకడం కష్టమవుతోంది. వేల్స్‌లో మాలాంటి ఇంజన్లకు బొగ్గు ఇచ్చిన ఫాస్-వై-ఫ్రాన్ గని 2023లో మూతపడింది. డెర్బీకి దగ్గరలోనే ఉన్న రాట్‌క్లిఫ్ కరెంటు ఫ్యాక్టరీ 2024 సెప్టెంబరు 30న ఆగింది, బ్రిటన్‌లో బొగ్గుతో నడిచిన ఆఖరిది అదే. దేశం గాలికి అది మంచిదే. నాకు ఒక పూటకు కావాల్సింది చిన్న డబ్బాడు బొగ్గు. క్లబ్బులవాళ్లు బయటి దేశాల బొగ్గుతో, అచ్చు పోసిన ఇంధనాలతో ప్రయోగాలు చేస్తున్నారు. కొన్ని బాగా మండుతున్నాయి, కొన్ని బూడిద గడ్డకట్టి పొయ్యి జల్లెడను మూసేస్తున్నాయి. దారి దొరుకుతుంది. మనిషి చేతిలోని విద్య దొరకడమే కష్టం. గ్లాసు ఊది చూడాలన్నది, మూడో దెబ్బ నీరసంగా ఉందన్నది నన్ను విప్పి చూస్తే ఎవరికీ కనపడదు. అది నడిపినవాళ్ల దగ్గరే ఉంటుంది.

కాబట్టి నా మనవి రెండు ముక్కలు. మీ ఇంట్లో, హైదరాబాదులోనో లండన్‌లోనో, తాతల నాటి స్టీము మోడలు ఉంటే పరీక్ష చేయించకుండా వెలిగించకండి, పరీక్షలో నిలిస్తే బీరువాలో దాచకండి. బిట్రగుంటలో, కాజీపేటలో, గుంతకల్లులో స్టీము మీద పనిచేసిన పెద్దవాళ్లు మీకు తెలిసి ఉంటే, ఈ ఏడాదే వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. నీళ్లు ఎలా చూసేవారో, నిప్పు ఎలా పరిచేవారో అడిగి రాసిపెట్టండి.